రేవు చెప్పిన పాఠం: రోడ్డు రాకముందే సంతకం పెట్టకండి

వరంగల్ చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్లినా పత్తి ధర, మిర్చి ధర తర్వాత వినిపించే మాట రోడ్డు గురించే. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తెచ్చిన రైతు నుంచి కొత్తవాడలో జంపఖానాలు నేసే కార్మికుడి దాకా అందరి నోటా అదే. రోడ్డు మన సర్వే నంబరు మీదుగా పోతుందా, పక్క నుంచి పోతుందా? ఎకరం ఎంత పలుకుతుంది? ఇప్పుడే అమ్మాలా, ఆగాలా?

ఈ ప్రశ్నలు మనకు కొత్త కావచ్చు గానీ సముద్రతీర రైతులకు కొత్త కాదు. ఓడరేవు వస్తుందని, బీచ్ రోడ్డు వేస్తారని, పర్యాటకులు వస్తారని విని అక్కడి పల్లెలు ఇరవై ఏళ్లుగా ఇదే అనుభవిస్తున్నాయి. కొందరు బాగుపడ్డారు. ఎక్కువమంది చిన్న రైతులు తొందరపడి అమ్ముకున్నారు, లేదా అమ్ముకోలేక ఇరుక్కున్నారు. ఆ అనుభవంలో మనకు పనికొచ్చేది ఏమిటో, ఎకరం రెండెకరాలు ఉన్న రైతు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటో చూద్దాం.

ధర మూడు మెట్లలో పెరుగుతుంది

రోడ్డు గానీ రేవు గానీ వస్తే భూమి ధర ఒక్కసారిగా పెరగదు. మొదటి మెట్టు మాట. మంత్రి ప్రకటిస్తారు, పేపర్లో పడుతుంది, దలాలీలు ఊళ్లోకి దిగుతారు. రెండో మెట్టు కాగితం. సర్వే రాళ్లు పాతుతారు, నోటిఫికేషన్ వెలువడుతుంది. మూడో మెట్టు పని. రోడ్డు పూర్తయి బండ్లు తిరుగుతాయి.

అసలు లాభం మూడో మెట్టు మీద ఉంటుంది. చిన్న రైతు అమ్ముకునేది మాత్రం తరచుగా మొదటి మెట్టు మీదే. పంట అప్పు, పిల్ల పెళ్లి, ఆస్పత్రి ఖర్చు అతన్ని ఆగనివ్వవు. ఆగగలిగిన చేతుల్లోకి భూమి వెళ్తుంది, లాభమూ ఆ చేతుల్లోకే పోతుంది.

తీరంలో జరిగింది ఏమిటి?

విశాఖపట్నం రేవు 1933లో మొదలైంది. పట్నం పెరిగే కొద్దీ భీమిలి వైపు బీచ్ రోడ్డు పర్యాటకానికి ఆయువుపట్టయింది. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా దక్కింది. ఆ దారిలో ఒకప్పుడు జీడితోటలు, సరుగుడు తోటలు ఉన్న చోట ఇప్పుడు హోటళ్లు, విల్లాలు వెలిశాయి. రోడ్డు నిజంగా పడింది కాబట్టి అక్కడ ధర నిలబడింది.

అదే తీరంలో బందరు కథ వేరు. బందరు ఓడరేవుకు 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబునాయుడు మళ్లీ పనులు ప్రారంభించారు. అదే ఏడాది ప్రభుత్వం మారి పాత ఒప్పందం రద్దయింది. 2023 మే 22న జగన్‌మోహన్‌రెడ్డి తపసిపూడి దగ్గర నిర్మాణం మొదలుపెట్టారు. మొదటి రాయికీ ఈ పనులకూ నడుమ పదిహేనేళ్లు గడిచాయి. మధ్యలో రేవు కోసం, పరిశ్రమల కోసం వేల ఎకరాలు సేకరిస్తామని నోటిఫికేషన్లు వచ్చాయి, రైతులు ఆందోళనలు చేశారు. నోటిఫికేషన్‌లో పేరు పడిన భూమిని అమ్మబోతే కొనేవాడు దొరకడు. ధర పెరిగిందని లోకమంతా అంటుంది, రైతు చేతికి మాత్రం రూపాయి రాదు.

వాన్‌పిక్ సంగతి ఇంకా చేదు. వాడరేవు, నిజాంపట్నం ఓడరేవులు, వాటితో పారిశ్రామిక వాడ అని 2008లో ఒప్పందం చేసుకున్నారు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో భూములు సేకరించారు. 2012 నాటికి ఆ వ్యవహారం సీబీఐ కేసుల్లో పడింది. చెప్పిన రేవులు రాలేదు.

రేవు వచ్చిన చోట కూడా అందరికీ ఒకే ఫలం దక్కదు. విశాఖ పక్కన గంగవరం పోర్టు వచ్చినప్పుడు మత్స్యకారులకు వేటకు వెళ్లే రేవే పోయింది. పట్టా ఉన్నవాడికి పరిహారం అడిగే ఆధారం ఉంటుంది. వల ఆరబెట్టుకునే ఇసుకకు పట్టా ఉండదు. మన దగ్గర కౌలు రైతు, పశువుల కాపరి పరిస్థితీ ఇంతే.

"సముద్రం కనిపించే ప్లాటు" కొన్నవారి సంగతి

తీరంలో ప్లాట్లు కొన్నవారిలో కూడా చాలామంది దెబ్బతిన్నారు. కారణం తీరప్రాంత నియంత్రణ మండలం నిబంధనలు. 1991లో మొదటిసారి వచ్చిన ఈ నిబంధనలను 2011లో, మళ్లీ 2019లో మార్చారు. పల్లె ప్రాంతాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకు సాధారణంగా అనుమతి లేదు. జనసాంద్రత ఎక్కువ ఉన్న చోట 2019 నిబంధనలు దీన్ని 50 మీటర్లకు తగ్గించాయి. ఈ సంగతి తెలియక కొన్నవారు ఇల్లు కట్టలేక, అమ్మలేక కూర్చున్నారు.

మనకు సముద్రం లేదు గదా అనుకోకండి. మన దగ్గర చెరువులు ఉన్నాయి, కోటలు, గుళ్లు ఉన్నాయి. చెరువు శిఖంలో, పూర్తి నీటిమట్టం లోపల ప్లాట్లు చేస్తే చెల్లవు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపై 200 మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలి. వరంగల్ కోట, రామప్ప గుడి ఇలాంటి కట్టడాలే. రామప్పకు 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చాక పాలంపేట వైపు భూముల మీద చూపు పెరిగింది. అటు వైపు రిసార్టు కడతామంటూ వచ్చేవారు ఈ హద్దుల గురించి ముందుగా చెప్పరు.

మన దగ్గరికి వస్తున్నవి ఏమిటి?

మన మిర్చి, పత్తి, కొత్తవాడ జంపఖానా సముద్రం దాటాలంటే ఏదో ఒక రేవుకు చేరాలి. అందుకే రేవు దాకా వెళ్లే రోడ్డు మనకూ ముఖ్యమే. నాగపూర్ - విజయవాడ కారిడార్‌లో మంచిర్యాల - వరంగల్ భాగం 108 కిలోమీటర్లు. దీనికి, కరీంనగర్ - వరంగల్ రోడ్డును 68 కిలోమీటర్ల మేర నాలుగు వరుసలు చేసే పనికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈ కారిడార్ వరంగల్ నుంచి ఖమ్మం మీదుగా విజయవాడ వైపు, అంటే కోస్తా వైపు సాగుతుంది.

గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017 అక్టోబరు 22న పునాది వేశారు. మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి వచ్చింది. దానికి అదనంగా 253 ఎకరాలు కావాలన్నారు. వీటన్నిటి కింద పోయేది, వీటన్నిటి పక్కన ధర పెరిగేది సాగు భూమే.

రోడ్డు పక్క పొలానికి రోడ్డు ఉండదు!

రైతు సోదరులు బాగా గమనించాల్సిన విషయం ఒకటుంది. పాత రోడ్డు వేరు, గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు వేరు. పాత రోడ్డు పక్కన పొలం ఉంటే గట్టు దిగి రోడ్డెక్కవచ్చు, డబ్బా పెట్టుకోవచ్చు, ప్లాట్లు చేయవచ్చు. గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు అలా కాదు. అది ఎత్తుగా కట్ట మీద పోతుంది, రెండు వైపులా కంచె ఉంటుంది. కలిసే కూడళ్ల దగ్గర తప్ప మరెక్కడా ఎక్కడానికి, దిగడానికి వీలుండదు. మీ పొలం ఆ రోడ్డును ఆనుకుని ఉన్నా మీరు దాన్ని ఎక్కలేరు. ధర పెరిగేది ఆ కూడళ్ల దగ్గరే.

పైగా పొలం రెండు ముక్కలైతే నష్టమే. బావి ఒక వైపు, మడి ఒక వైపు మిగులుతుంది. కాలువ తెగుతుంది, బండ్ల బాట తెగుతుంది, వాన నీరు కట్టకు తగిలి పొలంలో నిలుస్తుంది. కింద నుంచి దారి ఎక్కడ కావాలి, తూము ఎక్కడ వేయాలి అన్నది కట్ట లేచాక అడిగితే వినేవారు తక్కువ. సర్వే జరుగుతున్నప్పుడే, అభ్యంతరాల గడువులోనే, ఊరంతా కలిసి నక్షాతో సహా రాసి ఇవ్వాలి.

ఎకరం లెక్క, గజం లెక్క

రైతు ఎకరాల్లో అమ్ముతాడు, వెంచర్ వేసేవాడు గజాల్లో అమ్ముతాడు. తేడా అక్కడే ఉంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ జాగాలకు పోగా సుమారు 2,600 గజాలు ప్లాట్లకు మిగులుతాయని లెక్క కోసం అనుకుందాం. మీరు ఎకరం 40 లక్షలకు ఇస్తే అతనికి గజం 1,540 రూపాయల లోపే పడింది. గజం 6,000 చొప్పున అమ్మితే కోటీ 56 లక్షలు వస్తాయి. మొరం రోడ్లు, స్తంభాలు, అనుమతుల ఖర్చు తీసేసినా మిగిలేది మీకు వచ్చినదానికంటే ఎక్కువే కావచ్చు. ఇందులో మోసం లేదు, వ్యాపారమే. కానీ ఈ లెక్క తెలిసి బేరమాడే రైతుకూ తెలియక బేరమాడే రైతుకూ చాలా తేడా ఉంటుంది.

ఇంకో పద్ధతి ఉంది. దలాలీ కొద్దిపాటి బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకుంటాడు. ఆరు నెలలు, ఏడాది గడువు పెట్టించుకుంటాడు. ఆ గడువులో మీ భూమినే ఇంకొకరికి ఎక్కువ ధరకు చూపి తిప్పుతాడు. కొనేవాడు దొరికితే లాభం అతనిది. దొరకకపోతే గడువు పొడిగించమంటాడు. మీ భూమి అప్పటిదాకా కట్టేసినట్టే.

సర్కారు తీసుకుంటే మీకు రావలసింది

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. జాతీయ రహదారుల భూసేకరణకు నోటిఫికేషన్ పద్ధతి 1956 చట్టం ప్రకారం నడుస్తుంది. పరిహారం లెక్క మాత్రం 2015 నుంచి 2013 చట్టం ప్రకారమే కట్టాలి.

పరిహారం లెక్క ఇలా ఉంటుంది. ముందు భూమి మార్కెట్ విలువ తేలుస్తారు. రిజిస్ట్రేషన్ శాఖ ధర ఒకటి. చుట్టుపక్కల అలాంటి భూములకు గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం పత్రాల సగటు ఇంకొకటి. వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. పల్లె భూమికి దాన్ని రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు. చెట్లు, బావి, బోరు, షెడ్డు విలువ కలుపుతారు. వచ్చిన మొత్తానికి అంతే సొమ్ము, అంటే నూటికి నూరు శాతం, సొలేషియం కింద ఇస్తారు. మార్కెట్ విలువ మీద నోటిఫికేషన్ నుంచి అవార్డు దాకా ఏడాదికి 12 శాతం అదనంగా లెక్కిస్తారు.

ఇక్కడే మన ఊళ్లలో జరిగే ఒక తప్పు బయటపడుతుంది. ఎకరం 25 లక్షలకు అమ్మి, స్టాంపు ఖర్చు కలిసొస్తుందని కాగితంలో 10 లక్షలని రాస్తారు. ఇలాంటి పత్రాలే ఊరంతా ఉంటే రేపు రోడ్డుకు భూమి పోయినప్పుడు లెక్క 10 లక్షల మీదే కడతారు. గుణకం, అదనపు సొమ్ము పక్కన పెట్టినా, సొలేషియంతో కలిపి 50 లక్షలు రావలసిన చోట 20 లక్షలు వస్తాయి. ఒకరు మిగుల్చుకున్న స్టాంపు ఖర్చుకు ఊరంతా మూల్యం చెల్లించాల్సి వస్తుంది. అమ్మినంతే కాగితంలో రాయించండి.

గడువులు గుర్తుంచుకోండి:

- జాతీయ రహదారి అయితే మొదటి నోటిఫికేషన్ గెజిట్‌లో వెలువడిన 21 రోజుల్లోగా అభ్యంతరం రాసి ఇవ్వాలి. ఆ నోటిఫికేషన్ వివరం తెలుగు పేపర్లోనూ వేస్తారు. మీ సర్వే నంబరు, విస్తీర్ణం సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.
- 2013 చట్టం కింద అయితే తొలి నోటిఫికేషన్ తర్వాత 60 రోజుల గడువు ఉంటుంది. ఆ నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమిని అమ్మడం, తాకట్టు పెట్టడం కలెక్టర్ అనుమతి లేకుండా కుదరదు.
- డబ్బు తక్కువనిపిస్తే తీసుకునేటప్పుడే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి సంతకం పెట్టండి. 2013 చట్టం కింద అలా రాయకుండా తీసుకుంటే, తర్వాత ఎక్కువ అడిగే హక్కు పోతుంది. అవార్డు మీ ఎదుట ఇస్తే ఆరు వారాల్లోగా పెంపు కోసం దరఖాస్తు చేసుకోవాలి.
- జాతీయ రహదారి విషయంలో పెంపు కోసం ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి. సాధారణంగా జిల్లా కలెక్టరే ఆర్బిట్రేటర్‌గా ఉంటారు.
- "ఒప్పందం మీద ఇస్తున్నాను" అనే సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు వకీలుకు చూపించండి. అది పెట్టాక పెంపు అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది.

మూడేళ్లుగా ఆ భూమి మీదే బతుకుతున్న కౌలుదారు, కూలి కుటుంబాలను కూడా 2013 చట్టం బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. సర్వేకు వచ్చినప్పుడు వారి పేర్లు రాయించడం మరవకండి.

ఊరు కలిస్తే ఏమవుతుంది?

2022లో వరంగల్ ఔటర్ రింగు రోడ్డు చుట్టూ 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ చేయాలని తలపెట్టారు. పూలింగ్ అంటే భూమి తీసుకుని డబ్బు బదులు అభివృద్ధి చేసిన ప్లాట్లలో వాటా ఇవ్వడం. రెండు పంటలు పండే భూములు ఇవ్వలేమని రైతులు ఊరూరా సభలు పెట్టారు, రోడ్డెక్కారు. ఆ ఏడాది మే నెలలో ప్రభుత్వం ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది. విజయనగరం జిల్లా భోగాపురంలోనూ అంతే. 2015లో విమానాశ్రయం కోసం మొదట అనుకున్న విస్తీర్ణం రైతుల అభ్యంతరాల తర్వాత బాగా తగ్గింది.

పూలింగ్ అన్ని చోట్లా చెడ్డదని కాదు. ప్లాటు చేతికి వచ్చేదాకా ఇల్లు గడిచే దారి ఉన్నవాడికి అది లాభించవచ్చు. అరెకరం మీదే బతికేవాడికి ఆ పదేళ్లు గడవడమే కష్టం. అమరావతిలో భూములిచ్చిన రైతులు 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక ఏళ్ల తరబడి ఆందోళనలో గడపాల్సి వచ్చింది.

అమ్మక తప్పకపోతే

అవసరం వస్తే అమ్మవద్దని ఎవరూ చెప్పలేరు. అయితే ఈ జాగ్రత్తలు తీసుకోండి.

1. ముందు కాగితాలు సరిచేసుకోండి. పట్టాదారు పాసుపుస్తకంలో, 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో పేరు, విస్తీర్ణం ఒకటిగా ఉండాలి. తండ్రి పేరు మీదే ఉంటే విరాసత్ చేయించుకోండి. ఆడపిల్లల వాటా కూడా తేల్చుకోండి.
2. లావణి పట్టా, అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం ప్రకారం అమ్మకం చెల్లదు. ఎవరు ఎంత బయానా ఇచ్చినా తీసుకోకండి.
3. రోడ్డు ఎటు పోతుందో దలాలీ చూపే జిరాక్స్ నక్షా నమ్మకండి. తహసీల్దారు, ఆర్డీవో కార్యాలయాల్లో, "కుడా" మాస్టర్ ప్లాన్‌లో చూడండి.
4. అగ్రిమెంటులో గడువు తక్కువగా పెట్టండి. గడువు దాటితే ఏమవుతుందో రాయించండి. జీపీఏ, తెల్లకాగితం మీద సంతకం ఇవ్వకండి.
5. సొమ్ము పూర్తిగా బ్యాంకు ఖాతాలో పడ్డాకే రిజిస్ట్రేషన్ చేయండి.
6. ఉన్నదంతా అమ్మకండి. పది గుంటలైనా మిగుల్చుకోండి. వచ్చిన సొమ్ములో మొదటి ఖర్చు మరో చోట సాగు భూమి కొనడానికి కావాలి. ఆలస్యమైతే అక్కడా ధర పెరుగుతుంది.

అమ్మకుండానే ఆదాయం

రోడ్డు వస్తే భూమి అమ్మడమొక్కటే దారి కాదు. రామప్ప, లక్నవరం, వేయిస్తంభాల గుడి, కోట చూడటానికి వచ్చేవారికి తిండి కావాలి, బండి నిలుపుకునే జాగా కావాలి, ఇంటికి తీసుకెళ్లే వస్తువు కావాలి. దారిలో ఉన్న పది గుంటలు కౌలుకిస్తే భూమి మీదే ఉంటుంది, నెలనెలా కిరాయి వస్తుంది. ఏడాది దాటే లీజు అయితే రిజిస్టరు చేయించండి. కిరాయి ఏటా ఎంత పెరగాలో అందులో రాయించండి.

కొత్తవాడనే చూడండి. ఇక్కడి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన చపాటా మిర్చికి 2025లో వచ్చింది. ఈ పేర్లు ఈ నేలకే చెందినవి, వేరే చోటివాడు వాడుకోవడానికి లేదు. కోట చూసి తిరిగివెళ్లే యాత్రికుడికి జంపఖానా, మిర్చి పొడి ఒకే దుకాణంలో దొరికితే రోడ్డు వల్ల వచ్చే లాభంలో కొంతైనా నేతగాడికి, రైతుకు చేరుతుంది. రైతు సంఘాలు, నేత సహకార సంఘాలు కలిసి ఆలోచించవలసిన విషయం ఇది.

రోడ్లు రావాలి. మిర్చి త్వరగా రేవు చేరాలి, పిల్లలకు పని దొరకాలి. అయితే రోడ్డు ఎవరి పొలం మీదుగా పోతుందో వాళ్లు కూడా ఆ రోడ్డు మీద ముందుకు సాగాలి. తీరం రైతుకు ఇదంతా నష్టపోయాక తెలిసింది. మనకు ముందే తెలుస్తోంది. ఎవరైనా కాగితం తెచ్చి ఇవాళే సంతకం పెట్టాలంటే రేపు రమ్మనండి. ఈలోపు ఆ కాగితం నలుగురికి చూపించండి. నిజమైన బేరమైతే ఒక్కరోజులో ఎక్కడికీ పోదు.